ఫైబర్ నెట్ పెట్టించుకుంటున్నారా? ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. "అభినందనలు! మీ ఫైబర్ కనెక్షన్ విజయవంతంగా యాక్టివేట్ అయింది." అప్పుడు నేను అనంతపురంలో మా ఇంటి గేటు దగ్గరే నిలబడి ఉన్నా. ఎదురుగా కరెంటు స్తంభానికి నల్లటి తీగ చుట్ట చుట్టి వేలాడుతోంది. నాలుగు రోజులుగా అక్కడే అట్లే ఉంది. ఇంట్లోకి తీగ రాలేదు, వైఫై ఇచ్చే డబ్బా రాలేదు, మనిషీ రాలేదు. నెల లెక్క మాత్రం ఆ రోజు నుంచే మొదలైంది.

ఇది ఎట్లా జరిగిందంటే, ఆ పొద్దున లైన్‌మన్ ఫోన్ చేశాడు. "అన్నా, నీ ఫోనుకు ఒక నంబరు వచ్చింటాది చూడు. అది చెప్పేస్తే సాయంత్రానికల్లా బిగిచ్చేస్తాం" అన్నాడు. నేను చెప్పేశాను. కనెక్షన్ బిగించడం పూర్తయిందని నేనే ఒప్పుకున్నట్టు పెట్టే సంతకం అది, ఓటీపీ రూపంలో. ఆ తర్వాత పందొమ్మిది రోజులు ఫోన్లు చేశాను. ప్రతిసారీ కాల్ సెంటర్ అమ్మాయి మర్యాదగా ఒకటే మాట: "సార్, మా సిస్టమ్‌లో మీ కనెక్షన్ యాక్టివ్‌గానే ఉంది."

ఆ పందొమ్మిది రోజుల్లో నేర్చుకున్నదీ, ఆ తర్వాత మా వీధిలో మరో నాలుగైదు ఇళ్ల తగాదాల్లో తలదూర్చి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. మీరు కర్నూలులో ఉన్నా, కడపలో ఉన్నా కథలో పెద్ద తేడా ఉండదు.

ముందు ఎవరు ఎవరో తెలుసుకోండి

మీరు డబ్బు కట్టేది ఒకరికి, ఫోన్లో మాట్లాడేది ఇంకొకరితో, నిచ్చెన వేసుకుని వచ్చేది మూడో మనిషి. కాల్ సెంటర్ వాళ్లకు కనిపించేది కంప్యూటర్ తెర ఒక్కటే. మీ వీధి స్తంభం వాళ్లకు కనిపించదు. ఊళ్లో పని చేసేది చాలా చోట్ల ఫ్రాంచైజీ, అంటే నిన్నమొన్నటి దాకా కేబుల్ టీవీ నడిపినాయనే. లైన్‌మన్ ఆయన దగ్గర జీతగాడు. మీ కంప్లైంట్ ఫ్రాంచైజీకి ఒక గడువుతో వస్తుంది. గడువు దాటితే ఆయన లెక్కలో మచ్చ పడుతుంది. క్లోజ్ చేస్తే మచ్చ లేదు. తీగ బాగుచేయాలంటే నిచ్చెన, మనిషి, మిషను కావాలి. క్లోజ్ చేయాలంటే ఒక బటన్ చాలు. ఏది ముందు జరుగుతుందో మీరే ఊహించుకోండి.

కాబట్టి విషయం తెలిసిన లైన్‌మన్ చెప్పింది ఎక్కడా రాతలో ఉండదు. రాతలో ఉన్నది రాసినవాళ్లకు విషయం తెలియదు. ఈ రెండింటికీ మధ్య వంతెన కట్టే పని మీ మీదే పడుతుంది. మీ చేతిలో పట్టు ఉండేది రెండు సార్లే: డబ్బు కట్టే ముందు ఒకసారి, ఓటీపీ చెప్పే ముందు ఒకసారి. ఆ రెండూ దాటాక మిగిలేది కాగితమే.

డబ్బు కట్టే ముందు వీధిలో ఒక చుట్టు తిరగండి

యాప్‌లో పిన్‌కోడ్ కొట్టగానే "మీ ఏరియాలో సర్వీసు అందుబాటులో ఉంది" అని పచ్చటి టిక్ వస్తుంది. నమ్మొద్దు. 515001 అంటే ఊరు ఊరంతా వచ్చేస్తుంది. అందులో ఎక్కడో ఒకచోట సర్వీసు ఉందని మాత్రమే దాని అర్థం. మీకు కావలసింది మీ సందులోని స్తంభం సంగతి.

సాయంత్రం చల్లబడ్డాక వీధి చివరి దాకా నడవండి. స్తంభం మీద మనిషి ఎత్తుకు పైన చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని కింది నుంచి సన్నటి నల్ల తీగలు ఇళ్లలోకి పోతూ కనిపిస్తాయి. లైన్‌మన్లు దాన్ని బాక్స్ అంటారు. లోపల స్ప్లిటర్ ఉంటుంది. ఒక తీగలో వచ్చే వెలుగును ఎనిమిది ఇళ్లకో, పదహారు ఇళ్లకో పంచేది అదే. అందులో పోర్టులు నిండిపోతే మీకు ఇవ్వడానికి ఏమీ ఉండదు. కొత్త బాక్స్ పెట్టాలి, దానికి పైనుంచి అనుమతి రావాలి. "రేపు వస్తాం", "మెటీరియల్ రాలేదు" అనే మాటల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. అందుకని డబ్బు కట్టకముందే ఫ్రాంచైజీ ఆఫీసుకు పోయి రెండు ప్రశ్నలు అడగండి: మా ఇంటికి దగ్గరి బాక్స్‌లో పోర్టు ఖాళీ ఉందా? అక్కడి నుంచి ఇంటికి ఎన్ని మీటర్ల తీగ పడుతుంది? ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగినవాడే అసలు మనిషి. ఆయన నంబరు తీసుకోండి.

తర్వాత అదే కంపెనీది వాడుతున్న ఇద్దరిని అడగండి. "బాగుందా?" అని అడగొద్దు. "పర్వాలేదు" అంటారు, ఎవరైనా అంతే. "పోయినసారి ఎప్పుడు ఆగింది? ఎన్ని రోజులకు వచ్చినారు?" అని అడగండి. ఆ మాటకు మనిషి ముఖం మారుతుంది, అసలు కథ బయటికొస్తుంది. రాత్రి ఏడు నుంచి పది మధ్య ఎట్లుంటుందో కూడా కనుక్కోండి. వీధి అంతా టీవీలు, ఫోన్లు పెట్టుకునే వేళ అది.

ధర దగ్గర ఒక్క లెక్క. 499 అని పెద్ద అక్షరాల్లో ఉంటే మీరు కట్టేది 588 రూపాయల 82 పైసలు, ఎందుకంటే జీఎస్‌టీ 18 శాతం దాని మీద పడుతుంది. ఆరు నెలలకు ఒకేసారి కడితే ఒక నెల ఉచితం అంటారు. మొదటిసారి మాత్రం ఒక్క నెలకే కట్టండి. ఆ ఉచిత నెల కోసం ఆరు నెలల పట్టు వదులుకోవడం అవుతుంది. డిపాజిట్ కట్టమంటే అది తిరిగి వస్తుందని రసీదులో రాసి ఉందో లేదో చూడండి. లైన్‌మన్ సొంత ఫోన్‌పే నంబరుకు పైసా పంపొద్దు, ఎంత మంచివాడైనా సరే. కంపెనీ యాప్‌లోనో, కంపెనీ పంపిన లింకులోనో కట్టి రసీదు దాచుకోండి. ఆధార్ జిరాక్స్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని కాపీ ఇచ్చి, ఎందుకోసం ఇస్తున్నారో దాని మీద అడ్డంగా రాయండి.

డబ్బు కట్టిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నాణ్యత నియమాల ప్రకారం, డబ్బు కట్టిన ఏడు రోజుల్లో కనెక్షన్లలో 98 శాతం ఇచ్చేయాలి. మిగిలిన ఆ రెండు శాతంలో ఎప్పుడూ మనమే ఎందుకుంటామో నాకైతే తెలియదు.

బిగించే రోజు పక్కనే నిలబడండి

ఆ రోజు ఇంట్లో పెద్దవాళ్లను మాత్రమే వదిలి ఆఫీసుకు పోవద్దు. "అవ్వా, అంతా అయిపోయింది, నంబరు చెప్పు" అంటే అవ్వ చెప్పేస్తుంది.

మన రాష్ట్రంలో ఫైబర్ చాలావరకు భూమిలో కాదు, గాలిలో పోతుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాల మీదుగానే ఊరూరికీ తీగ లాగింది. మొదట్లో నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ ఇవ్వగలిగిందంటే అదీ ఒక కారణం. భూమి తవ్వే ఖర్చు లేదు. కానీ గాలిలో పోయే తీగకు గండాలు ఎక్కువ. చెనిక్కాయ కట్టె నిండుగా వేసుకున్న ట్రాక్టరు వీధిలో తిరిగితే తీగ తెగుతుంది. వినాయకుడి ఊరేగింపులో విగ్రహం పోవడానికి కుర్రాళ్లు కర్రలతో తీగలు ఎత్తితే తెగుతుంది. కరెంటోళ్లు కొమ్మలు నరికినా అంతే. అందుకే తీగ ఎటునుంచి వస్తుందో మీరే చూసుకోండి. వీధి అడ్డంగా దాటేచోట లారీ ఎత్తుకంటే బాగా పైన ఉండాలి. కరెంటు సర్వీసు వైరుకు జతగా కట్టనివ్వొద్దు. గోడలోకి దూర్చే రంధ్రం బయటివైపుకు వాలుగా ఉండాలి, లేదంటే వాన నీళ్లు తీగ వెంబడే ఇంట్లోకి వస్తాయి. రంధ్రం ముందు తీగను కిందికి చిన్న వంపులా వదిలితే నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. మూలల దగ్గర మాత్రం మడత పెట్టకూడదు. ఫైబర్ అంటే గాజు. కాఫీ గ్లాసు చుట్టు కంటే బిగుతుగా వంచితే వెలుగు పక్కకు కారిపోతుంది.

డబ్బా ఎక్కడ పెట్టాలన్న దగ్గర గొడవ ఖాయం. తీగ మిగులుతుందని లైన్‌మన్ వాకిలి పక్కనే పెట్టేస్తానంటాడు. మీరు ఇంటి నడుమ పెట్టమనండి. మా ఊళ్లోని పాతూరులో అడుగున్నర మందం రాతి గోడల ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. ఆ గోడ దాటి వైఫై పక్క గదిలోకి పోవడమే కష్టం. ఇనుప బీరువా వెనకాల, టీవీ వెనకాల, అద్దాల అల్మారాలో పెట్టొద్దు. మా ఎండలకు అల్మారాలో పెట్టిన డబ్బా మధ్యాహ్నానికి ఇస్త్రీపెట్టెలా కాలిపోతుంది. ఇల్లు పెద్దదైతే డబ్బా నుంచి రెండో గదికి ఒక లాన్ వైరు (నెట్ కేబుల్) అప్పుడే లాగించుకోండి. గోడకు రంధ్రం పెట్టే డ్రిల్లింగ్ మిషను ఆ రోజు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. లైన్‌మన్ దగ్గర అరచేతిలో పట్టేంత చిన్న మీటరు ఉంటుంది. దాన్ని పవర్ మీటర్ అంటారు. తీగ చివర పచ్చరంగు కనెక్టర్ బిగించాక, డబ్బాకు పెట్టే ముందు, "లైట్ ఎంత వస్తాంది తమ్ముడూ, ఒకసారి చూపించు" అనండి. ఈ ఒక్క మాటతో మీ మీద వాళ్ల చూపే మారిపోతుంది. మీటరులో మైనస్ 19, మైనస్ 22 ఇట్లా ఒక అంకె కనిపిస్తుంది. ముందు మైనస్ ఉంది కాబట్టి అంకె పెరిగే కొద్దీ వెలుగు తక్కువ. మైనస్ 20 అంటే ఒక మిల్లీవాట్‌లో నూరో వంతు. ప్రతి మూడు అంకెలకూ వెలుగు సగానికి పడిపోతుంది. మామూలు ఇంటి డబ్బా దాదాపు మైనస్ 27 దాకా చదవగలదు, ఆ తర్వాత ఏమీ కనిపించదు. మీకు మైనస్ 18, 23 మధ్య వస్తే హాయిగా ఉండొచ్చు. మైనస్ 26 వచ్చిందంటే ఈ రోజుకు నెట్ వస్తుంది, వీడియో ఆడుతుంది, లైన్‌మన్ "చూడన్నా, సూపర్" అంటాడు. మొదటి వానకో, కనెక్టర్‌లో కాస్త దుమ్ముకో ఆగిపోతుంది.

నాకు చివరికి బిగించిన రోజు మీటరులో మైనస్ 26.4 వచ్చింది. "ఇది సరిపోదు" అన్నాను. ఆ పిల్లోడు నా వైపు, మీటరు వైపు చూసి, ఏమీ మాట్లాడకుండా కనెక్టర్ కోసేసి, తీగ చివర స్పిరిట్‌తో తుడిచి మళ్లీ బిగించాడు. మైనస్ 25.8. అప్పుడు నిచ్చెన తీసుకుని స్తంభం ఎక్కాడు. బాక్స్‌లో మా తీగ మూత కింద నలిగి ఉంది. దాన్ని సరిచేసి కిందికి దిగేసరికి మైనస్ 20.1. పదిహేను నిమిషాల పని. ఆ రోజు అడగకపోయి ఉంటే ఆ పదిహేను నిమిషాల కోసం ఏడాదంతా కంప్లైంట్లు పెట్టుకుంటూ ఉండేవాణ్ని. మీటరు అంకె ఫోటో తీసి దాచుకోండి. రేపు ఆగినప్పుడు "మొదటి రోజు 20 ఉంది, ఈ రోజు 26 ఉంది" అని చెబితే అది వాదన కాదు, లెక్క.

తీగను అతికించడానికి రెండు పద్ధతులున్నాయి. చేత్తో నొక్కి పెట్టే ఫాస్ట్ కనెక్టర్ ఒకటి. మిషనులో పెట్టి గాజును కరిగించి అతికించే స్ప్లైసింగ్ రెండోది. వీలైతే రెండోదే అడగండి. లేదంటే మొదటిదానితో సర్దుకోవచ్చు, అంకె బాగుంటే చాలు. ఒక హెచ్చరిక: తీగ చివరను కంటికి ఎదురుగా పెట్టి "వెలుగు వస్తోందా" అని చూడొద్దు. ఆ లేజరు కంటికి కనిపించదు, కానీ కన్నును దెబ్బతీస్తుంది. పిల్లలను దూరంగా ఉంచండి.

ఇక వేగం. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సినిమా డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు తెర మీద సెకనుకు దాదాపు 12 ఎంబీ కనిపిస్తుంది. మోసం కాదు. అవి బిట్లు, ఇవి బైట్లు, ఎనిమిదితో భాగించాలి. పరీక్షను లాన్ వైరుతో ల్యాప్‌టాప్‌కు పెట్టి చేయండి. లేదా డబ్బా పక్కనే నిలబడి 5 గిగాహెర్ట్జ్ వైఫైలో చేయండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది కానీ వేగం తక్కువ, పైగా పక్కిళ్ల వైఫైలన్నీ అక్కడే కొట్టుకుంటూ ఉంటాయి. వైఫై పాస్‌వర్డ్ మీరే మార్చండి. మా వీధిలో లైన్‌మన్ అందరికీ వాళ్ల వాళ్ల ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టిపోయాడు. పక్కింటి పిల్లలకు అది కనిపెట్టడం ఎంతసేపు?

తీగ ఇంట్లోకి వచ్చింది, మీటరు చూశారు, వేగం చూశారు, ఫోటోలు తీశారు. ఇప్పుడు చెప్పండి ఓటీపీ. అంతకుముందు ఎవరు అడిగినా ఒకటే మాట: "బిగించినాక చెప్తా తమ్ముడూ." కోప్పడొద్దు. ఆ పిల్లోడికి రోజుకు ఇన్ని ఇళ్లని లెక్క ఉంటుంది. నడి ఎండలో, 42 డిగ్రీల్లో, బైకు మీద నిచ్చెన కట్టుకుని తిరుగుతాడు. ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వండి. ఓటీపీ మాత్రం ఇవ్వొద్దు.

ఆగిపోయినప్పుడు మొదట డబ్బాను చూడండి

ఫోన్ అందుకునే ముందు డబ్బా మీద లైట్లు చూడండి. పాన్ (PON) అని రాసిన చోట పచ్చ లైటు కదలకుండా వెలిగి ఉందంటే బయటి తీగ బాగానే ఉంది. రీచార్జ్ అయిపోయిందో, కంపెనీ లోపలి లోపమో, మీ వైఫై సంగతో చూసుకోవాలి. ఎల్‌ఓఎస్ (LOS) దగ్గర ఎర్ర లైటు మిణుకుతుంటే వెలుగు మీ డబ్బా దాకా రావడం లేదు. అప్పుడు మీరు ఇంట్లో చూడదగ్గవి మూడే: పచ్చ కనెక్టర్ వదులైందా, తీగ ఎక్కడైనా మడతపడిందా, ఎలుక కొరికిందా. ఈ మూడూ కాకపోతే తప్పు బయటే ఉంది. ఇక "డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అనే సలహాతో ఏ ఉపయోగమూ లేదు.

ఎన్నిసార్లయినా ఆఫ్ చేసి ఆన్ చేయండి, నష్టం లేదు. వెనక పిన్నుతో నొక్కే రీసెట్ రంధ్రం జోలికి మాత్రం పోవద్దు. ఫోన్లో ఎవరైనా "రీసెట్ నొక్కండి" అంటే అస్సలు నొక్కొద్దు. లోపల కంపెనీ పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోయి, బాగున్న డబ్బా కూడా మనిషి వచ్చేదాకా పనికిరాకుండా పోవచ్చు.

పక్కింటివాళ్లకు వస్తోందో లేదో కనుక్కోండి. అందరికీ ఆగితే స్తంభం మీద పెద్ద తీగ తెగింది, త్వరగానే కలుపుతారు. మీకొక్కరికే ఆగితే జాగ్రత్త, మీది వరసలో చివరికి పోతుంది.

కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోతోందంటే చిన్న ఉపాయం. డబ్బాకు 12 వోల్టుల అడాప్టరే కాబట్టి రూటర్ కోసమే అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచే పని చేసే మా తమ్ముడు ఆ ఒక్క వస్తువుతో నెట్ పోయిందన్న గోల మానేశాడు.

కంప్లైంట్: మాట్లాడింది రాతలోకి రావాలి

లైన్‌మన్‌కు వాట్సాప్ పెట్టండి, తప్పు లేదు. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. కానీ దానితోపాటే కంపెనీ కస్టమర్ కేర్‌లో కంప్లైంట్ పెట్టి డాకెట్ నంబరు, అంటే ఆ కంప్లైంట్ నంబరు, తీసుకోండి. వాట్సాప్‌లో "దారిలో ఉండానన్నా, పది నిమిషాలు" అన్న మాటకు రేపు ఏ ఆఫీసులోనూ విలువ లేదు. డాకెట్ నంబరుకు ఉంది. ఎస్ఎంఎస్ రాకపోతే ఫోన్లో అడిగి నంబరు చెప్పించుకున్నాకే పెట్టేయండి.

ఫోన్లో కథ చెప్పొద్దు. ఇట్లా చెప్పండి: "ఈ రోజు పొద్దున 9:40 నుంచి ఎల్‌ఓఎస్ ఎర్ర లైటు. డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేశాను. కనెక్టర్ చూశాను. పక్కింటికి వస్తోంది. మనిషి వచ్చి తీగ చూడాలి." అవతలివాళ్లు చదివే పుస్తకంలో మొదటి నాలుగు ప్రశ్నలకు ఇందులోనే జవాబు ఉంది. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము సార్" అంటారు. చింతించనివ్వండి, మీరు నంబరు రాసుకోండి.

ఎవరూ రాకుండానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. రాకపోతే ఆశ్చర్యపోవాలి. వెంటనే ఎర్ర లైటును, పక్కన ఆ రోజు పేపరు తేదీ కనబడేలా పెట్టి ఫోటో తీయండి. ఫోన్ చేసి పాతదాన్నే మళ్లీ తెరవమనండి. "కుదరదు, కొత్తది పెడతాం" అంటారు. అసలు కిటుకు అక్కడే ఉంది. కొత్తది పెడితే గడువు మొదటి రోజు నుంచి లెక్క. ఆరు రోజులుగా ఆగిన నెట్ వాళ్ల లెక్కలో ఒక్క రోజే ఆగినట్టు అవుతుంది. సరే, కొత్తది పెట్టనివ్వండి. కానీ అందులో "ఇది ఫలానా పాత డాకెట్ కొనసాగింపు, మనిషి రాకుండా మూసేశారు" అని రాయించండి. మా వీధిలో ఒకాయన డబ్బా పక్కన గోడ మీదే పెన్సిల్‌తో తేదీ, నంబరు రాస్తూ పోయాడు. మూడు నెలలకు పద్నాలుగు వరసలు. ఆయన భార్య తిట్టుకుంది కానీ ఆ గోడ ఫోటోనే చివరికి ఆయన పని చేసిపెట్టింది.

మూడు రోజులకు మించి బాగుచేయకపోతే ఆ ఆగిన రోజులకు ప్లాన్ చెల్లుబాటు పొడిగించాలని 2024 నియమాల్లోనే ఉంది. అడగకపోతే ఎవరూ తమంతట తాము ఇవ్వరు. అడగండి, అది కూడా డాకెట్‌లోనే.

డాకెట్ పని చేయకపోతే పైకి పోండి

చాలామంది ఇక్కడ తిన్నగా ట్రాయ్‌కు రాస్తారు. ట్రాయ్ ఒక్కొక్కరి కంప్లైంట్లు విచారించదు, వస్తే కంపెనీకి పంపేస్తుంది. వరస ఇట్లా ఉంటుంది.

ట్రాయ్ 2012లో పెట్టిన ఫిర్యాదుల నియమాల ప్రకారం ప్రతి కంపెనీలోనూ అప్పిలేట్ అథారిటీ అని ఒకటి, అంటే కంపెనీలోనే మన అప్పీలు వినే విభాగం, ఉండాలి. కంపెనీ వెబ్‌సైటులో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఈమెయిల్ ఉంటుంది. దీనికి ఫీజు లేదు. డాకెట్ గడువు దాటిన నెలలోపు పంపండి. వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. అన్ని రోజులు పట్టడం నేను అరుదుగా చూశాను. చాలాసార్లు ఈమెయిల్ చేరిన రెండు మూడు రోజులకే, అప్పటిదాకా కనిపించని ఫ్రాంచైజీ మనిషి స్వయంగా గేటు దగ్గరికి వస్తాడు. నా కనెక్షన్ అట్లాగే వచ్చింది, ఇరవయ్యో రోజు.

ఈమెయిల్‌లో కోపం రాయొద్దు, తేదీలు రాయండి:

"నా కస్టమర్ నంబరు ఇది. ఏప్రిల్ 6 పొద్దున 9:40కి నెట్ ఆగింది. ఎల్‌ఓఎస్ ఎర్ర లైటు. అదే రోజు మొదటి డాకెట్. 8న ఎవరూ రాకుండా మూసేశారు. 8న రెండో డాకెట్. 11న మళ్లీ మూసేశారు. ఈ రోజు 14, ఇప్పటికీ ఎర్ర లైటే. ఫోటోలు, మెసేజ్‌లు జతచేశాను. మనిషిని పంపి తీగ సరిచేయాలి. 6 నుంచి బాగయ్యే రోజు దాకా చెల్లుబాటు పొడిగించాలి. ఎవరూ రాకుండా రెండు డాకెట్లు ఎట్లా మూసేశారో రాతపూర్వకంగా చెప్పాలి."

ఆ చివరి వాక్యం వదలొద్దు. బాగుచేస్తామని రాయడం వాళ్లకు తేలికే. ఎట్లా మూసేశామో రాయడమే కష్టం.

దానికీ కదలకపోతే టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగం ఉంది. 1063కు ఫోన్ చేయొచ్చు, లేదా కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికాం శాఖను ఎంచుకుని రాయొచ్చు. డాకెట్, అప్పీలు నంబర్లు రెండూ అడుగుతారు, అందుకే ఆ వరస తప్పొద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 తెలుగులోనూ మాట్లాడుతుంది. డబ్బు తిరిగి రావలసిన వ్యవహారాల్లో ముందు దానికి చేయమంటాను.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఉంది. టెలికాం గొడవలు కమిషన్‌కు రావని కంపెనీ లాయర్లు ఒకప్పుడు వాదించేవాళ్లు. 2019 వినియోగదారుల చట్టం సేవల జాబితాలో టెలికాంను పేరుపెట్టి చేర్చింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా కమిషన్‌కు ఆ అధికారం ఉందని తేల్చింది. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. ఆరు వందల రూపాయల నెట్ కోసం కోర్టు మెట్లెక్కడం ఎందుకని మీకనిపిస్తే మీ ఇష్టం. ఏడాది డబ్బు ముందే కట్టి, మూడు నెలలు కూడా సరిగా నడవనివాళ్లయితే ఎక్కాలి.

మానేసేటప్పుడు

విసుగొచ్చి రీచార్జ్ ఆపేస్తే కనెక్షన్ పోయినట్టే అనుకోవద్దు. యాప్‌లోనో, ఈమెయిల్‌లోనో రద్దు కోరుతూ రాసి నంబరు తీసుకోండి. బిల్లు పద్ధతి ప్లాన్ అయితే మరీ ముఖ్యం, ఆపిన తర్వాత కూడా బిల్లులు పుడుతూనే ఉంటాయి. డబ్బా కంపెనీదైతే తీసుకుపోవడానికి వచ్చినవాడి చేత చీటీ రాయించుకోండి. డబ్బా అడుగున ఉన్న సీరియల్ నంబరును, అడాప్టరును కలిపి ఫోటో తీయండి. "డబ్బా తిరిగి ఇవ్వలేదు, డిపాజిట్ రాదు" అన్న మెసేజ్ ఆరు నెలల తర్వాత కూడా వస్తుంది. అప్పటికి ఆ పిల్లోడు వేరే కంపెనీలో నిచ్చెన ఎక్కుతుంటాడు.

తీగను మాత్రం ఎవరూ తీసుకుపోరు. గోడ నుంచి స్తంభం దాకా అట్లే వేలాడుతూ ఉంటుంది. మీరు కత్తెర పెట్టొద్దు. దానికే ఆనించి పక్కింటివాళ్ల తీగ కట్టి ఉండొచ్చు. ముందు వాళ్ల డబ్బాలో పచ్చ లైటు వెలుగుతోందో లేదో అడిగి, ఫ్రాంచైజీ వాళ్లనే పిలిచి తీయించండి.